చేతిలో ఉన్న విద్యకు చేతిలో పెట్టేదెంత?

కోనసీమలో పెరట్లో పది కొబ్బరి చెట్లున్న ఏ ఇంటివారికైనా దింపు సంగతి తెలుసు. సుమారు రెండు నెలలకోసారి దింపు మనిషి వస్తాడు. కాళ్లకు బంధం తగిలించుకుని, నడుముకు కత్తి దోపుకుని యాభై అరవై అడుగుల చెట్టు ఎక్కుతాడు. ముదిరిన గెల ఏదో, ఇంకా ఆగవలసిన గెల ఏదో చూసి కోస్తాడు. ఎండిన మట్టలు లాగేసి చెట్టు తల శుభ్రం చేస్తాడు. దిగి వచ్చాక చెట్టుకింతని లెక్క చూసుకుని డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు.

మా పెరటి చెట్లకు చాలాకాలం ఒకే మనిషి దింపు తీసేవాడు. ఒకసారి అతడు కూలి కొంత పెంచమని అడిగాడు. పది చెట్లకు ఒక పూటైనా పట్టలేదు గదా, ఇంత అడుగుతాడేమిటి అనిపించింది మాకు. ఆ మాటే పైకి అన్నాం. అతడు వాదించలేదు. "సరేనండి సాయిబు గారూ, మీ ఇష్టం" అని పాత లెక్క ప్రకారమే తీసుకుని వెళ్లాడు. తర్వాతి దింపుకు మాత్రం రాలేదు. తక్కువకు వచ్చే మరొకరిని పిలిచాం. ఆయన కాయలు దింపి, డబ్బు తీసుకుని వెళ్లాడు. కొన్ని నెలలు గడిచాక మా చెట్లలో ఒకదాని మొవ్వు వాలిపోయింది. ఎర్రముక్కు పురుగు లోపలంతా తినేసింది. చెట్టు దక్కలేదు.

అప్పుడు గాని మాకు పాత మనిషి విలువ తెలిసిరాలేదు. అతడు చెట్టు మీద నుంచే కేకవేసి చెప్పేవాడు, "దీని మొవ్వులో కొమ్ము పురుగు పడిందండీ, ఇప్పుడే మందు పెట్టించండి" అని. కొమ్ము పురుగు చేసిన గాయంలో నుంచే ఎర్రముక్కు పురుగు జొరబడుతుందని తోటల పెంపకం తెలిసినవారు చెబుతారు. ఆ కబురుకు మేము ఏనాడూ పైసా ఇవ్వలేదు. అది కూడా పనిలో భాగమేనని మాకు తోచనేలేదు. అతని కాళ్ల శ్రమకు లెక్క కట్టాం గాని, అతని కళ్లకున్న విద్యను లెక్కలోకి తీసుకోలేదు.

ఈ పొరపాటు మా ఒక్కరిదే అయితే దీని గురించి రాయవలసిన పని ఉండేది కాదు. నైపుణ్యం గలవారి దగ్గర పని చేయించుకుని, గడియారం చూసి బేరమాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. మరికొందరి విషయంలో మనం గడియారం కూడా చూడం. వారు గంటల తరబడి పని చేసినా ఆ కాలం మన కంటికి ఆనదు. ఈ రెండూ ధర్మం దృష్టిలో ఎలాంటివో, మన కోనసీమ బతుకుల్లోనే వెతికి చూద్దాం.

ముందు మాట, తర్వాత పని

చెమట ఆరకముందే కూలివాడికి కూలి ముట్టజెప్పాలన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధ ముస్లిములకే కాదు, ఇతరులకూ సుపరిచితమే. జుమా ఖుత్బాలలో తరచూ వింటూనే ఉంటాం. అయితే ఆ బోధ ఎప్పుడు ఇవ్వాలన్న సంగతి చెబుతుంది. ఎంత ఇవ్వాలి, ఎలా నిర్ణయించాలి అన్న ప్రశ్నలకు కూడా ఇస్లాంలో స్పష్టమైన మార్గదర్శకత్వం ఉంది. దాన్ని మనం అంతగా పట్టించుకోలేదు.

కూలి ఎంతో తేల్చి చెప్పకుండా మనిషిని పనిలో పెట్టుకోవద్దని ప్రవక్త (స) వారించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. "మీకు తెలియనిదేముంది, చూసి ఇవ్వండి" అని పనివాడు మొహమాటపడటం, "తర్వాత చూద్దాంలే" అని యజమాని దాటవేయడం మన ఊళ్లలో మర్యాదగా చెలామణీ అవుతోంది. ఇస్లామీ న్యాయశాస్త్రం దీన్ని మర్యాదగా భావించదు. కూలి తేల్చని ఒప్పందాన్ని హనఫీ న్యాయవేత్తలు లోపభూయిష్టమైన ఒప్పందంగా పరిగణించారు. అలాంటి ఒప్పందం మీద పని జరిగిపోతే 'ఉజ్రతె మిస్ల్' ఇవ్వాలన్నారు. అంటే అటువంటి పనికి, అటువంటి పనితనానికి ఆ కాలంలో, ఆ ప్రాంతంలో న్యాయంగా ఎంత చెల్లుతుందో అంత. యజమానికి తోచినంత ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని ఖసస్ సూరా మనకొక చక్కని దృష్టాంతం చూపుతుంది. హజ్రత్ మూసా (అ) ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరుకున్నప్పుడు బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లల మందకు నీళ్లు తోడిపెట్టారు. ఆయన ఏ ప్రతిఫలమూ కోరలేదు. అయినా ఆ పిల్లల తండ్రి, చేసిన మేలుకు ప్రతిఫలం ఇస్తానని ఆయనను పిలిపించాడు. ఆ తండ్రి హజ్రత్ షుఐబ్ (అ) అని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. తర్వాత కొలువు మాట వచ్చినప్పుడు ఎనిమిదేళ్లు చేయాలని, పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అ) ఇష్టమని, తాను ఆయన్ను కష్టపెట్టదలచుకోలేదని ఆ పెద్దాయన ముందే చెప్పాడు. గడువు ఎంత, బదులు ఏమిటి, బలవంతం లేనిది ఏది అన్నీ పని మొదలుకాక ముందే తేలిపోయాయి. ఆడపిల్లలలో ఒకామె మూసా (అ)ను కొలువులో పెట్టుకోమంటూ చెప్పిన అర్హతలు కూడా గమనార్హం. పని చేయగల శక్తి, నమ్మకస్తుడైన గుణం. మన దింపు మనిషిలో ఈ రెండూ ఉన్నాయి. మేము కూలి ఇచ్చింది మొదటిదానికే.

ప్రవక్త (స) స్వయంగా అబూ తైబా అనే ఆయనతో హిజామా, అంటే రక్తం తీయించే చికిత్స, చేయించుకున్నారు. అది ఎంతోసేపు పట్టే పని కాదు. అయినా ఆయనకు ఆహార పదార్థం కొలిపించి ప్రతిఫలం ఇప్పించారు. అంతటితో ఆగలేదు. అబూ తైబా అప్పట్లో బానిస. ఆయన సంపాదన నుంచి యజమానులు వసూలు చేసుకునే మొత్తాన్ని తగ్గించమని కూడా వారితో మాట్లాడారు. పనితనం గలవాడి చేతికి వచ్చినదాంట్లో చివరికి అతనికి మిగిలేదెంత అన్నది కూడా చూడాలని ఈ సంఘటన మనకు నేర్పుతోంది.

కూర్చుని చేసే పని పని కాదా?

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి దాటి వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డుకు వెళ్తే నరసాపురం. ఈ రెండు ఒడ్లనూ కలిపే సన్నని దారం ఒకటుంది. అది లేసు దారం. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన ఈ అల్లిక పని నరసాపురం, పాలకొల్లులతో పాటు రాజోలు, అమలాపురం ప్రాంతాల ఇళ్లలోకీ చేరింది. ఇక్కడి ఆడవాళ్లు అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పనితనానికున్న పేరు, ప్రత్యేకత ఈ ప్రాంతానికి చెందినవని దాని అర్థం.

మరి ఆ చేతులకు దక్కినదేమిటి? జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నరసాపురం ప్రాంతంలో ఉండి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. దేశదేశాల్లో పేరు పొందిన ఆ పుస్తకం తేల్చిన విషయం మనం తెలుసుకోదగినది. ఈ స్త్రీలు ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లేవారు. వారికి వచ్చేది పొలం కూలికి వెళ్లే ఆడవాళ్ల కూలికంటే కూడా తక్కువ. దీనికి కారణం వారికి పని రాకపోవడం కాదు. వారు పనివాళ్లు కారు, ఇల్లాళ్లు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు అన్న భావన. ఆ భావన ఏజెంట్లకూ ఎగుమతిదారులకూ లాభం తెచ్చిపెట్టింది. గోషా పాటించే కుటుంబాల స్త్రీలు గడప దాటి ధర విచారించలేరు. ఎవరో తెచ్చిచ్చిన నూలు అల్లి, వారు చెప్పిన రేటుకు ఇవ్వడమే వారికి తెలిసిన వ్యాపారం.

గోషా మాట మన ఇళ్లకు కొత్తది కాదు గనుక ఈ సంగతిని మనం మరింత శ్రద్ధగా వినాలి. ఆ మధ్య మలికిపురం వైపు ఒక ఇంట్లో లేసు అల్లుతున్న పెద్దావిడను మా ఇంటి ఆడవాళ్లు పలకరించారు. రోజుకు ఎంతసేపు చేస్తారమ్మా అని అడిగితే ఆమె నవ్వి, "కూర్చుని చేసేదేగదమ్మా, ఇదేం పని" అన్నదట. మాట్లాడుతున్నంతసేపూ ఆమె సూది ఆగలేదట, కుట్టు తప్పలేదట. తన విద్య విలువ తనకే తెలియనంతగా లోకం ఆమెను నమ్మించింది.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది కేవలం ఉదాహరణ కోసం. ఒక బల్లగుడ్డ అల్లడానికి 40 గంటలు పట్టిందనుకుందాం. దానికి ఏజెంటు 600 రూపాయలు ఇచ్చాడనుకుందాం. చేతిలో ఆరు వందలు పడితే బాగానే ఉన్నట్లు అనిపిస్తుంది. గంటకు లెక్క కడితే 15 రూపాయలు. ఎనిమిది గంటల రోజుకు 120 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. ఏళ్ల తరబడి నేర్చిన విద్య విలువ మట్టి మోసే పనిలో సగం కూడా లేకపోయింది! ముక్కకు ఇంత అని లెక్క కట్టినప్పుడు కాలం ఎలా మాయమవుతుందో ఈ లెక్క చూపుతుంది.

దేశ చట్టం ఈ మాయను ముందే పసిగట్టింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం, సరుకు ఇంటికి తీసుకుపోయి పని చేసి తెచ్చిచ్చేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. కాలాన్ని బట్టి కనీస వేతనం నిర్ణయించిన చోట, ముక్క లెక్కన పని చేసేవారికి కూడా దానికి తగ్గకుండా ఇవ్వాలన్నది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి వద్ద పనిచేసేవారి కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందం చేసింది. ఇతర కూలీలతో సమానంగా వారిని చూడాలన్నదే దాని సారాంశం.

చట్టం కంటే ముందే ఖుర్‌ఆన్ నిసా సూరాలో పురుషుల సంపాదన పురుషులకు, స్త్రీల సంపాదన స్త్రీలకు చెందుతుందని ప్రకటించింది. అందుకే స్త్రీ చేతి పని 'ఇంటి ఖర్చుకు ఏదో తోడు' కాదు. అది ఆమె హక్కు. హజ్రత్ దావూద్ (అ) రాజై ఉండి కూడా ఇనుప కడియాలు కొలత ప్రకారం కూర్చి కవచాలు తయారుచేసేవారని ఖుర్‌ఆన్ చెబుతోంది. ఆయన తన చేతి పనితోనే తినేవారని ప్రవక్త (స) ప్రశంసించారు. కడియంలో కడియం కలపడం ఒక ప్రవక్తకు గౌరవమైతే, ముడిలో ముడి కలిపే ఆ పెద్దావిడ పని చిన్నదెలా అవుతుంది?

మన మస్జిదు సంగతేమిటి?

ఇంతవరకు చదివిన పాఠకులు ఏజెంట్ల మీద కోపం తెచ్చుకుని ఉంటారు. ఇప్పుడు కాస్త మన వైపు చూసుకుందాం.

మన మస్జిదులో అయిదు పూటలా నమాజు చేయించే ఇమాము గారిని తీసుకోండి. చాలామంది ఇమాములు హాఫిజులు. ముప్ఫై భాగాల ఖుర్‌ఆన్‌ను అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయడానికి బాల్యంలో కొన్ని సంవత్సరాలు ధారపోశారు. ఆపైన ఆలిములైన వారు మరికొన్నేళ్లు మదరసాలో చదివారు. ఫజ్ర్‌కు ముందు మొదలైన వారి రోజు ఇషా తర్వాత ముగుస్తుంది. మధ్యలో పిల్లలకు మక్తబ్, నికాహ్, జనాజా, ఎవరింట్లో కష్టం వచ్చినా ఓదార్పు. అయిదు పూటల మధ్య వేరే ఊరు వెళ్లి వేరే పని చూసుకునే వీలు లేదు. మరి నెల తిరిగేసరికి మనం ఇచ్చేదెంత? చందాలు సరిగా రాలేదని రెండు నెలలది ఒకేసారి ఇస్తాం. జీతం పెంచమంటే "అల్లాహ్ కోసం చేసే పని గదా హజరత్, సవాబ్ మీకే" అంటాం. సవాబ్ ఇచ్చేవాడు అల్లాహ్. మనం ఇవ్వవలసింది జీతం. అల్లాహ్ ఇచ్చేదాన్ని చూపించి మనం ఇవ్వవలసింది ఎగ్గొట్టడం న్యాయమా?

ఈ విషయంలో ధర్మపండితుల చర్చను కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఇమాం అబూ హనీఫా (రహ్మ) కాలంలో ఖుర్‌ఆన్ బోధనకు, ఇమామత్‌కు కూలి తీసుకోవడాన్ని హనఫీ పండితులు అనుమతించలేదు. అప్పట్లో అటువంటివారికి బైతుల్‌మాల్ నుంచి భృతి అందేది. ఆ భృతులు ఆగిపోయాక, వారు పొట్ట కోసం వేరే పనుల్లోకి పోతే ధర్మవిద్యే అంతరించిపోతుందని తర్వాతి తరాల హనఫీ పండితులు గ్రహించారు. అందుకే బోధనకు, ఇమామత్‌కు, అజాన్‌కు జీతం ధర్మసమ్మతమేనని తీర్పు చెప్పారు. మొదటి తీర్పునైనా తర్వాతి తీర్పునైనా చూడండి. ఇమాము ఆకలితో ఉండాలని ఎవరూ అనలేదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన కొత్తలో గుడ్డల మూట భుజాన వేసుకుని అంగడికి బయలుదేరారు. హజ్రత్ ఉమర్ (రజి) ఎదురై, ముస్లిముల బాధ్యత మీ మీద ఉండగా ఇదేమిటని అడిగారు. నా ఇంటివారిని పోషించుకోవద్దా అన్నది ఆయన జవాబు. ఆయన కాలం ప్రజలకు చెందింది గనుక ఆయన కుటుంబ పోషణ భారం బైతుల్‌మాల్ వహించాలని సహాబాలు నిర్ణయించారు. మనిషి కాలాన్ని మనం తీసుకుంటే అతని ఇంటి పొయ్యి బాధ్యత మనదేనన్న సూత్రం ఇందులో ఉంది.

1993 మే నెలలో సుప్రీంకోర్టు కూడా అఖిల భారత ఇమాముల సంస్థ వేసిన కేసులో ఇదే మార్గాన తీర్పు చెప్పింది. ఇమామత్ స్వచ్ఛంద సేవ గనుక జీతం అక్కరలేదన్న వాదనను తోసిపుచ్చి, వక్ఫ్ బోర్డులు ఇమాములకు వేతనం ఇచ్చే పథకం రూపొందించాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో ఇమాములకు నెలకు 10,000, మౌజన్లకు 5,000 రూపాయల గౌరవ వేతనాన్ని ప్రభుత్వం నిర్ణయించింది. ఇది సంతోషించదగిన విషయమే. కాని ఆ సొమ్ము వస్తోంది గదా అని జమాఅత్ ఇచ్చేది తగ్గించుకుంటే, సహాయం అందింది ఇమాముకు కాదు, మనకు!

ఏం చేయగలం?

పెద్ద పెద్ద మాటలు అక్కరలేదు. పనికి పిలిచే ముందే కూలి ఎంతో నోరు తెరిచి మాట్లాడుకుందాం. ముక్క లెక్కన ఇచ్చే పనికి గంట లెక్క కూడా ఒకసారి కట్టి చూసుకుందాం. ఆ లెక్క మామూలు కూలికంటే తగ్గితే రేటు తప్పని తెలుసుకుందాం. నైపుణ్యం, ప్రమాదం ఉన్న పనికి అంతకుమించి ఇద్దాం. చెట్టెక్కేవాడు జారితే అతని ఇల్లంతా జారుతుంది. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు కేరళలో యంత్రంతో చెట్టెక్కే శిక్షణ మొదలుపెట్టి, అందులో చేరినవారికి బీమా కూడా ఏర్పాటు చేసింది. చెట్టెక్కడం ఒక విద్య అని గుర్తించిన పని అది. మస్జిదు కమిటీలు ఇమాము గారి జీతాన్ని ఏడాదికోసారి సమీక్షించి, తేదీ తప్పకుండా ఇచ్చే ఏర్పాటు చేసుకోవాలి. ఆయన వచ్చి అడిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్లు.

పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. అదే గ్రంథంలో గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతమూ ఉంది. వారిలో ఒకాయన, కూలి తీసుకోకుండా వెళ్లిపోయిన పనివాడి సొమ్మును తనది చేసుకోలేదు. దాన్ని పెంచి పశువుల మంద చేసి, ఏళ్ల తర్వాత అతను వస్తే మొత్తం అప్పగించాడు. ఆ పుణ్యాన్ని పేర్కొని ప్రార్థించగా గుహ ముఖం మీది బండ కదిలింది. సాటివారి హక్కు మనమీద ఉండిపోతే తౌబా ఒక్కటే చాలదు. వారికి చెల్లించాలి, లేదా వారే మాఫీ చేయాలి.

ఈ మాట గుర్తొచ్చి మేము పాత దింపు మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. అతడు ఆనాడు అడిగిన రేటు ప్రకారం తేడా లెక్క కట్టి చేతిలో పెట్టబోతే మొదట తీసుకోనన్నాడు. ఇది దానం కాదు, నీ బాకీ అని చెప్పాక తీసుకున్నాడు. ఆ తర్వాత అతడు అడిగింది డబ్బు సంగతి కాదు. "చెట్టు పోయిందంటగదండీ, పక్క చెట్లు చూపించారా?" అన్నాడు. చూపించలేదన్నాం. మర్నాడు పొద్దున్నే వచ్చి అన్నీ ఎక్కి చూశాడు. ఈసారి కూలి ముందే మాట్లాడుకున్నాం. చూసి చెప్పినందుకూ అందులో లెక్క ఉంది.

తోటివారి విద్యను, కాలాన్ని, చెమటను గుర్తించి వారి హక్కును సకాలంలో చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.